మరబొమ్మకు లేచిన ముళ్ళు

ఏనుగులు కూడా దారి తప్పేంత పెద్ద అడవిలో శూలపాణి అనే ముళ్ళపంది ఉండేవాడు. ‘వనవార్త’ అనే వారపత్రికలో సినిమా సమీక్షలు రాయడం అతని పని. అతని రాత కంటే అతని వీపు మీదే జనానికి నమ్మకం ఎక్కువ. భయపెట్టే సినిమా వస్తే అందరూ తెరను వదిలేసి శూలపాణి వైపు చూసేవారు. ముళ్ళు లేచాయంటే సినిమా ఆడినట్టే. కావాలని లేపుదామన్నా అవి లేచేవి కావు, నిజంగా భయం వేయాలి.

నక్క జంబులింగం తీసిన ‘మరబొమ్మ’కి అలాగే లేచాయి. కుందేలు పిల్ల ఆడుకోవడానికి కొన్న మరబొమ్మ, ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే చంపే కథ అది. బొమ్మ మెడ తిప్పినప్పుడు టిక్కుమనే చప్పుడుకి ఎలుగుబంట్లు కూడా కళ్ళు మూసుకున్నాయి.

రెండేళ్ళకి రెండో భాగం తయారైంది. ఈసారి బొమ్మకి బుద్ధొచ్చింది. ఎవరినీ చంపదు. ఆకాశంలో ఎగురుతుంది, దొంగబొమ్మలతో కుస్తీ పడుతుంది, ఉడతలతో పాట పాడుతుంది, మధ్యలో తల్లిప్రేమ గురించి ఉపన్యాసమిస్తుంది. విడుదలకి ముందు వేసిన ఆటలో శూలపాణి ముళ్ళు దువ్వినట్టు పడుకునే ఉన్నాయి.

ఎలా ఉందని జంబులింగం అడిగాడు. శూలపాణి మెత్తని మనిషి. మొదటి భాగం తనకెంత ఇష్టమో ముందు చెప్పి, ఆ తర్వాత, బొమ్మ భయపెట్టడం మానేసిందనీ, రెండో సగం మరీ సాగదీసినట్టుందనీ నెమ్మదిగా అన్నాడు.

జంబులింగం నొచ్చుకోలేదు. జనంతో కలిసి చూస్తే వేరుగా ఉంటుందనీ, రేపు మొదటి ఆటకి రమ్మనీ బతిమాలాడు. తనదే పొరపాటేమో అనుకుని శూలపాణి వెళ్ళాడు.

ఉడతల పాట నడుస్తుండగా అతని మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. తిరిగి చూస్తే వెనక సీట్లో చిరుతపులి మచ్చలదొర. హాల్లో ఎవరినీ తినకూడదని అడవిలో నియమం ఉంది. కానీ ముళ్ళకి నియమాలేం తెలుసు? అన్నీ ఒక్కసారే లేచి సీటుకి గుచ్చుకున్నాయి. అదే క్షణంలో ఎవరో ఫోటో తీశారు.

సాయంత్రానికి చెట్టు చెట్టుకీ పోస్టరు. ‘శూలపాణి ముళ్ళు లేచాయి!’

జనం విరగబడ్డారు. చూసి, ఆవలిస్తూ బయటికొచ్చారు. పదేళ్ళుగా అతని సమీక్షలు చదువుతున్న కుందేలు లచ్చమ్మ దారిలో ఎదురై జాలిగా చూసింది. “ఉడతల పాటకి జడుసుకున్నారటగా శూలపాణిగారూ. వయసొచ్చేసింది, ఇక విశ్రాంతి తీసుకోండి.”

ఆ పూట శూలపాణికి దుంప సహించలేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కూర్చుని నాలుగు వాక్యాలు రాశాడు: తన ముళ్ళు లేచిన మాట నిజం, అవి లేచింది బొమ్మని చూసి కాదు, చిరుతని చూసి. ఆయనకి పాసిచ్చి అక్కడ కూర్చోబెట్టింది జంబులింగమేనని హాలువాళ్ళే చెప్పారు.

చదివినవాళ్ళు జంబులింగాన్ని తరిమికొడతారని శూలపాణి అనుకున్నాడు. వాళ్ళు తిన్నగా హాలుకి పరుగెత్తారు. చిరుతపులి ముందు కూర్చుని వచ్చామని చెప్పుకోవడం గొప్ప కదా. అందరూ తెరకి వీపు పెట్టి ఆయన్నే చూశారు.

మచ్చలదొరకి ఈ మర్యాద నచ్చింది, రోజూ రాసాగాడు. కానీ వారం తిరిగేసరికి జనం ఆయనకి అలవాటుపడిపోయారు. మేకలు పలకరించడం మొదలుపెట్టాయి. వణికేవాళ్ళు లేకపోతే తనకి తోచదనీ, ఇకనుంచి ప్రతి ఆటకీ తన ముందు సీట్లో జంబులింగమే కూర్చోవాలనీ, ఆట పూర్తయ్యేదాకా లేవకూడదనీ మచ్చలదొర చెప్పాడు. కాదనే ధైర్యం జంబులింగానికి లేదు. వెనక్కి తిరిగే ధైర్యం అంతకన్నా లేదు. రోజుకి నాలుగు ఆటలు, తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

పది రోజుల తర్వాత సగమైపోయిన జంబులింగం శూలపాణి గుమ్మంలో కూలబడ్డాడు. క్షమించమని అడగడానికొచ్చాడేమో అనుకుని శూలపాణి మంచినీళ్ళిచ్చాడు.

“ఒక్కటి చెప్పండి శూలపాణిగారూ,” అన్నాడు జంబులింగం. “రెండో సగం అంతలా సాగదీశానని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

శూలపాణి ముళ్ళు కాస్త కదిలాయి. ఈసారి భయంతో కాదు.

“చెప్పాను. మీరే వినలేదు.”

నీతి: సినిమా తీసినవాడు తన సినిమాని సరిగ్గా చూడాలంటే, వెనక సీట్లో చిరుతపులి ఉండాలి.