కుబుసం కలెక్షన్

ఒక పెద్ద అడవిలో నేసేవాడు గిజిగాడొక్కడే. నేత గురించి మాట్లాడేది మాత్రం అడవంతా.

గిజిగాడు ముసలివాడు, నోటి దురుసు ఎక్కువ. పని నేర్చుకుంటామని ఎవరైనా వస్తే నార కట్ట ముందు పడేసి, "పట్టుకుని చూడు. పచ్చిదా, ఎండిందా చెప్పు" అంటాడు. తప్పు చెబితే ఆ పూటకి ఇంక మాటల్లేవు. ఆయన దగ్గర చేరిన ఉడతకి మూడు నెలలుగా నార తడపటమే పని. దానికి విసుగొచ్చింది.

అదిగో అప్పుడు దిగాడు పునుగుపిల్లి మాస్టారు. జన్మలో సూది పట్టినవాడు కాదు. కానీ ఒళ్లంతా ఘుమఘుమ. వాసన బాగుంటే సరుకూ బాగుంటుందనుకునే అడవికి అంతకంటే ఏం కావాలి? మద్ది చెట్టుకి బోర్డు కట్టాడు: "ఫ్యాషన్ మార్కెటింగ్ కోర్సు. ఆరు వారాల్లో మేనేజర్. ఉద్యోగం నెమలిగారి కంపెనీలో."

"తాతా, నేను ఆ కోర్సులో చేరుతున్నా" అంది ఉడత.

"నార చూడటం రాకుండా ఏం అమ్ముతావే?"

"నార చూడటం కూలి పని తాతా. నేను మార్కెటింగ్ చేస్తా."

గిజిగాడు గూటి వైపు తిరిగి నేసుకున్నాడు. విన్న మాట మర్చిపోయే రకం కాదు ఆయన.

పునుగుపిల్లి పాఠాలు మొదలయ్యాయి. "గుడ్డ అనకూడదు, కలెక్షన్ అనాలి. చిరిగింది అనకూడదు, డిజైన్ అనాలి. ఎవరూ కొనకపోతే, ఇది అందరికీ కాదు అనాలి."

"ఆహా, ఏం చెప్పారు సార్!" అనేది కోతి, మాస్టారు నోరు తెరవకముందే.

తర్వాత నడక నేర్పాడు. నడుము ఊపాలి, మెలికలు తిరగాలి, కాళ్లు నేలని తాకినట్టు కనపడకూడదు. ఉడత రాత్రింబవళ్లు సాధన చేసి అందరికంటే బాగా మెలికలు తిరిగింది.

ఆరో వారం మాస్టారు ఒక మూట విప్పాడు. మిలమిలా మెరుస్తున్నాయి లోపల. పుట్టల దగ్గర నాగుపాములు విడిచిపోయిన కుబుసాలవి. పాము వాసన తెలియకుండా తన పునుగు దట్టంగా పూశాడు. పిల్లలకి మాత్రం "ఈ సీజన్ కలెక్షన్" అని చెప్పాడు.

వెనక బెంచీలోంచి తాబేలు అడిగింది. "సార్, ఇది దేంతో చేశారు? ఒకసారి పట్టుకుని చూడొచ్చా?"

"దేంతో చేశారని అడిగేవాడు దర్జీ అవుతాడు. ఎలా అమ్మాలని అడిగేవాడు మేనేజర్ అవుతాడు. నువ్వు బయటికి నడు."

తాబేలు బయటికి నడిచే సరికి ఆ రోజు క్లాసు అయిపోయింది.

పరీక్ష రోజు నెమలిగారు వచ్చి బండ మీద కూర్చున్నారు. "ఎవరు బాగా చూపిస్తే వారే మా మేనేజర్" అన్నారు.

ఉడత వంతు వచ్చింది. వాళ్లమ్మ అప్పటికే ఏడు చెట్లకి "మా పిల్ల మేనేజరయింది" అని చెప్పేసింది. ఉద్యోగం రాకపోతే ఇంక ఏ చెట్టూ ఎక్కే మొహం ఉండదు. తల నుంచి తోక దాకా కుబుసం తొడుక్కుని, నేర్చుకున్న మెలికలన్నీ తిరుగుతూ వచ్చింది.

నెమలిగారి మెడ నిక్కింది. కళ్లు చిన్నవయ్యాయి.

"చూశారా, సార్‌కి నచ్చింది!" అన్నాడు పునుగుపిల్లి గుసగుసగా.

నచ్చక ఏం చేస్తుంది? నెమలికి ఫ్యాషన్ తెలుసో లేదో గానీ పాము తెలుసు. పైగా పొద్దున్నించి ఏమీ తినలేదు.

ఒక్క దూకు దూకింది.

"సార్! సార్! నేను ఉడతని! ఇది ఈ సీజన్ కలెక్షన్!" అని అరుస్తూ ఉడత పరుగు, వెనకాల ముక్కు తెరుచుకుని నెమలి. తోక మీద రెండు పోట్లు పడ్డాక కుబుసం చిరిగి నెమలి నోట్లో మిగిలింది. ఉడత జారిపోయింది, లోపల ఏమీ లేదు.

"తరతరాలుగా పామునే తింటున్నవాళ్లం. మాకే పాము తోలు అమ్ముతావా?" అని నెమలి మాస్టారి మీద పడి, వీపున జానెడు మేర బొచ్చు పీకి పోయింది.

ఉడత కుంటుకుంటూ గిజిగాడి దగ్గరికి చేరింది. ఒంటికి అంటుకున్న ముక్కని ఆయన ముక్కుతో తాకి చూశాడు.

"కుబుసం. తాకితే పసిపిల్లకైనా తెలుస్తుంది. తాకలేదా?"

"తొడుక్కునే దాకా తాకనివ్వలేదు తాతా."

"తొడుక్కున్నాక?"

"అప్పటికే చప్పట్లు కొడుతున్నారు."

గిజిగాడు నార కట్ట తెచ్చి దాని ముందు పడేశాడు. "కూలి పని అన్నావు. ఆ మాట నా దగ్గర భద్రంగా ఉంది. కూర్చో. తడుపు."

వారం తిరిగేసరికి మద్ది చెట్టుకి కొత్త బోర్డు వచ్చింది. దాని మీద పెద్ద బొమ్మ: ముందు మెరిసే బట్టల్లో ఉడత పరుగు, వెనక నోరు తెరుచుకుని నెమలిగారు. కింద రాసి ఉంది: "మా విద్యార్థుల వెంట కంపెనీలే పరుగెడుతున్నాయి!"

ఆ బొమ్మని ఉడత తల్లి ఏడు చెట్లకీ చూపించి వచ్చింది. చేరేవాళ్ల వరసలో ముందు కోతి నిలబడింది, మళ్లీ.

నీతి: చేత్తో తాకకుండా అమ్మటం నేర్చుకున్నవాళ్లకి ఉద్యోగం దొరక్కపోవచ్చు గానీ, నేర్పినవాడి దగ్గర మాత్రం ఏనాడూ సీటు ఖాళీ ఉండదు.