అరువు ముఖం

ఆ ఉదయం ఎవోదస్ వేసుకున్న పథకం చిన్నదే. వెండి నాణెం అచ్చు మీద విజయదేవత రెండో రెక్క పూర్తి చెయ్యాలి, మధ్యాహ్నానికల్లా స్నానశాలకు పోయి వేడినీళ్ళలో కాళ్ళు చాపుకోవాలి. రోము టంకశాలలో ఇరవై ఏళ్ళుగా అచ్చులు చెక్కుతున్న మనిషికి అదేమంత అత్యాశ కాదు.

ఇంతలో టంకశాల అధికారి సాటియస్ రొప్పుతూ వచ్చాడు. పాత చక్రవర్తి పోయాడట, సిరియాలో సైన్యం కొత్తాయన్ని ఎన్నుకుందట, పది రోజుల్లో కొత్త ముఖంతో నాణేలు రావాలట. ఆయన చిత్తరువు ఇంకా ఓడలోనే ఉందట. ఈలోగా రాజసం ఉట్టిపడే ముఖం ఏదో ఒకటి చెక్కెయ్యమన్నాడు.

"చూడని ముక్కు చెక్కమంటే ఎలాగయ్యా? రేపు తేడా వస్తే?"

"వస్తే నేను చూసుకుంటాను. నువ్వు చెక్కు," అన్నాడు సాటియస్.

ఎవోదస్ కిటికీలోంచి చూశాడు. ఎదురుగా వేడి శనగలు అమ్మే విబిడియస్ కనిపించాడు. ఎద్దు మెడ, ఉంగరాల గడ్డం, వీధంతా తనదే అన్నట్టు చూపు. తలకు ఆకుల దండ ఒకటి తగిలిస్తే సరి.

నాణేలు బయటికొచ్చిన మూడో రోజు ఒక సిపాయి శనగలు కొనబోయి, చేతిలో నాణేన్నీ ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూసి మోకాళ్ళ మీద పడ్డాడు. చక్రవర్తి మారువేషంలో తిరుగుతున్నాడని సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు శనగల బండి ముందు అర్జీదారులు బారులు తీరారు. విబిడియస్ మొదట కాదు మొర్రో అన్నాడు. ఎవరూ నమ్మకపోయేసరికి విసుగొచ్చి తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. చిక్కేమిటంటే, తీర్పులు బాగున్నాయి.

అప్పుడు దిగింది చిత్తరువు. అందులో చక్రవర్తి బక్కపలచటి మనిషి, కొంగ మెడ, నున్నగా గీసిన గడ్డం. సాటియస్ పరుగెత్తుకొచ్చి, అచ్చులు పగలగొట్టి తప్పు తనదేనని ఒప్పుకోమన్నాడు.

"ఒప్పుకోను," అన్నాడు ఎవోదస్, ఉలి కింద పెట్టకుండా. "పగలగొట్టను కూడా. ఇంత మంచి పని నా చేతి మీదుగా మళ్ళీ రాదు. తేడా వస్తే చూసుకుంటానన్నారుగా, చూసుకోండి."

నెల తిరిగేసరికి అసలాయన రోముకు వచ్చాడు. నగర ద్వారం దగ్గర కావలివాళ్ళు నాణెం తీసి పోల్చి చూసి, ఆయన్ని ఒక పూటంతా బయటే నిలబెట్టారు. మర్నాడు ఎవోదస్‌నూ విబిడియస్‌నూ సంకెళ్ళు వేసి కొలువుకు తెచ్చారు. సాటియస్‌కు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది.

క్షమాపణ అడుగుతావా అన్నాడు చక్రవర్తి. ఎవోదస్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"అడగను ప్రభూ. సిరియా బయటి సైన్యాలన్నీ ఆ ముఖం చూసే మీకు ప్రమాణం చేశాయి. ఇప్పుడది మీది కాదంటే, మరి మేం ప్రమాణం చేసింది ఎవరికని అడుగుతాయి."

చక్రవర్తి నాణేన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఇద్దరి సంకెళ్ళూ తీయించి, తన మంగలిని పిలిపించి, ఇక రానక్కర్లేదన్నాడు.

చలికాలానికి ఆయన గడ్డం ఒత్తుగా పెరిగింది. కాల్చిన కడ్డీతో రోజూ ఉంగరాలు తిప్పేవారు. విబిడియస్‌కు మాత్రం తక్షణం నున్నగా గీయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. చక్రవర్తిని అనుకరించడం నేరమట.