కళ్ళద్దాలు బాహ్య సాధనమా?

ఆ ఆదివారం ఉదయం ఇంటి కెప్టెన్ వేసిన ప్రణాళికలో లోపమేమీ లేదు. ఎనిమిదింటికి నాలుగు ఫోన్లూ ఛార్జింగులో పెట్టాలి. పన్నెండింటికి తేలిగ్గా భోంచెయ్యాలి. రెండు నుంచి మూడు దాకా ఎవరూ ఎవరితోనూ పోట్లాడకూడదు. అయిదింటికి ఫైనల్ ఆడాలి. బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఆవిడ కాబట్టి ఇదంతా కాగితం మీద గళ్ళు గీసి రాసి, గడియారం కింద అంటించింది. భర్త చేతికి రూల్సు దొరక్కుండా చూడాలన్న ఒక్క ముక్క మాత్రం రాయడం మరిచిపోయింది.

ఆట పేరు "కోటగోడ". ఫోన్లో ఆడేది. ఒక్కో జట్టుకు నలుగురు, ఎదుటివాళ్ళ కోట ముందుగా కూల్చినవాళ్ళు గెలిచినట్టు. ఈ జట్టులో కెప్టెన్, పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఆవిడ తమ్ముడు, నలభై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైన ఆవిడ అత్తగారు, నాలుగోవాడు భర్త. మూడేళ్ళుగా ఫైనల్ దాకా వస్తున్నారు, మూడేళ్ళుగా కెప్టెన్ సొంత అక్క జట్టు చేతిలోనే ఓడిపోతున్నారు. ఆ మూడు కప్పులూ అక్క తన గదిలో అలమరా మీద వరసగా పెట్టింది. వీడియో కాల్ చేసినప్పుడల్లా అవి భుజం వెనక కనపడేలా కూర్చుని, "ఏమే, కులాసానా?" అని అడుగుతుంది. ఆ కులాసా వింటే కెప్టెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఓడిన ప్రతిసారీ తేడా నాలుగైదు సెకన్లే. ఆ సెకన్లు ఎటు పోతున్నాయో ఇంట్లో అందరికీ తెలుసు, పోగొడుతున్న మనిషికి తప్ప. కోట తలుపు తెరుచుకునే ముందు తెర మీద ఒక పెట్టె వస్తుంది. అందులో రెండు మూడు లైన్ల హెచ్చరిక ఉంటుంది. జట్టులో ఆడుతున్న వాళ్ళందరూ "సరే" నొక్కితేగానీ తలుపు తెరుచుకోదు. ముగ్గురూ టక్కున నొక్కేస్తారు. నాలుగో ఆయన చదువుతారు. మొదటి నుంచి చివరి దాకా చదివి, అర్థం చేసుకుని, అప్పుడు నొక్కుతారు.

ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చదవకుండా సంతకం పెట్టిన కాగితం లేదు. మందు సీసా మీద చీటీ కూడా తిప్పి తిప్పి చదివాకే మూత తీస్తారు. ఆఫీసులో ఆయన్ని ఎర్రకలం గారు అంటారు. ఇంట్లో వెనకాల ఏమంటారో ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన్ని జట్టులోంచి తప్పుకోమని చెబుదామని కెప్టెన్ నాలుగుసార్లు వెళ్ళింది. ఇరవై రెండేళ్ళ కాపరం గుర్తొచ్చి, నాలుగుసార్లూ కాఫీ ఇచ్చి వెనక్కి వచ్చింది.

తొమ్మిదింటికి నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా కూశాయి. "నియమావళి మారింది. చదివి అంగీకరించండి." కెప్టెన్ నొక్కేసింది. తమ్ముడు పళ్ళు తోముకుంటూనే నొక్కేశాడు. అత్తగారు ఫోను తలకిందులుగా పట్టుకుని నొక్కేసింది. ఎర్రకలం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

పదిన్నరకు ఆయన నోట్‌బుక్కుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"తొమ్మిదో నియమం విన్నావా? 'ఆటగాడి సహజ శక్తికి మించి ప్రయోజనం కలిగించే ఏ బాహ్య సాధనాన్నీ వాడరాదు.' మరి నా కళ్ళద్దాలు బాహ్య సాధనమేనా?"

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. నొక్కండి."

"అవి లేకపోతే నాకు కోటే కనపడదు. అంటే సహజ శక్తికి మించినట్టే కదా?"

"కోట కనపడకపోయినా పర్లేదు, ఆ బొత్తాం కనపడుతోందా? నొక్కండి!"

పెద్దావిడ హాల్లోంచి అందుకుంది. "ఒరేయ్ నాన్నా, గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోకురా! ఎవరూ అడగలేదు నిన్ను."

మంచి మాటే. కానీ అనుమానం ఉన్న వాక్యాన్ని అలా వదిలేస్తే ఎర్రకలం గారికి అన్నం సయించదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, సందేహం రాసి పంపుదామని ఆటలో వెతికారు. సందేహాలకు చోటు లేదు. "మోసం తెలియజేయండి" అన్నది ఒక్కటే ఉంది. సరే పోనీ అని అదే తెరిచారు. "మోసం చేసినవారి ఖాతా" అన్న గడి నింపితేగానీ ముందుకు పోలేదు. మరొకరి పేరు రాయడం పాపం కదా, తన పేరే రాసుకున్నారు. కింద వినయంగా కళ్ళద్దాల సంగతి అడిగారు.

మూడు సెకన్లలో జవాబు వచ్చింది. "మీ నిజాయితీకి ధన్యవాదాలు. మీరు బాహ్య సాధనం వాడినట్టు నమోదైంది. విచారణ ముగిసేవరకు మీ ఖాతా నిలిపివేశాం."

అక్కడితో ఊరుకుంటే అది వేరే కథ. ఎర్రకలం గారికి చెమటలు పట్టాయి గానీ, కలం ఆగలేదు. పొరపాటు అర్థమయ్యేలా వివరిస్తే తీరిపోతుందని మళ్ళీ రాశారు. కళ్ళద్దాలు తప్పయితే తన తల్లి కూడా పెట్టుకుంటుందని, ఆవిడకు చెవి మిషను కూడా ఉందని, ఆ లెక్కన ఆవిడవి రెండు సాధనాలని, అంత పెద్దావిడ మోసగత్తె ఎలా అవుతుందని. గడిలో తల్లి ఖాతా రాయక తప్పలేదు. ధన్యవాదాలు వచ్చాయి. పెద్దావిడ ఖాతా ఆగిపోయింది.

మూడో ఉత్తరంలో బావమరిది వచ్చాడు. పార్సిల్ ఆఫీసులో చీటీలు తిరగెయ్యడానికి బొటనవేలికి రబ్బరు తొడుగు వేసుకుంటాడు, అలవాటు కొద్దీ ఆటలోనూ తియ్యడు. అది చేతిలో భాగమే కదా అని ఎర్రకలం గారి వాదన. నాలుగో ఉత్తరంలో సాక్షాత్తూ కెప్టెన్. "ఆమె ఆటకు ముందు రెండు గ్లాసుల కాఫీ తాగుతుంది. కాఫీ గ్లాసులో ఉన్నంతసేపూ బాహ్యమే. తాగాక కూడా బాహ్యమేనా? దయచేసి స్పష్టం చేయగలరు."

స్పష్టం చేశారు. పన్నెండింటికి, సరిగ్గా తేలికపాటి భోజనం వేళకు, నలుగురి ఖాతాలూ ఆగిపోయాయి.

కెప్టెన్ ఫోను చూసుకుంది, మళ్ళీ చూసుకుంది. తర్వాత వాకిట్లోకి వచ్చి నోట్‌బుక్కు చూసింది.

"నా కాఫీ మీద ఫిర్యాదు చేశారా?"

"ఫిర్యాదు కాదు, వివరణ."

"మూడేళ్ళండీ! మూడేళ్ళ నుంచి ఆ కప్పుల ముందు తల దించుకుంటున్నాను. ఈ ఒక్కరోజు నెగ్గితే చాలనుకున్నాను. ఎవరో శత్రువు చేస్తే సరే అనుకోవచ్చు, తాళి కట్టిన మనిషే నా కొంప ముంచాలా?" డిపోలో అరవైమంది డ్రైవర్లను గడగడలాడించే మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి ఎర్రకలం గారు నోట్‌బుక్కు మూసేశారు.

తమ్ముడు రబ్బరు వేలు చూపిస్తూ మధ్యలో దూరాడు. "బావా, మునిగింది ఎలాగూ మునిగాం. పెద్దక్క జట్టు మాత్రం మడికట్టుకుని ఆడుతోందా? పోయినేడు కప్పు పట్టుకున్న ఫొటో చూడు. నలుగురికీ కళ్ళద్దాలే!"

"ఇతరుల మీద చాడీలు చెప్పడం నా వల్ల కాదు."

"చాడీ ఎందుకు బావా? ఒకే నియమం ఒకళ్ళకి చుట్టం, ఇంకొకళ్ళకి పాము అవ్వచ్చా?"

ఆ మాట గురి చూసి కొట్టినట్టు తగిలింది. సమన్యాయం అన్నాక ఎర్రకలం గారు కాదనలేరు. ఫొటో జతచేసి, "ఈ నియమం అందరికీ వర్తిస్తుందా, లేక మాకేనా?" అని రాశారు. మూడు సెకన్లు. అక్క జట్టు మొత్తం ఆగిపోయింది. ఎవరి ఫిర్యాదు వల్ల ఆగిందో పేరుతో సహా కంపెనీవాళ్ళు అక్కకు తెలియజేశారు.

ఒంటిగంటకు అక్క ఫోన్ చేసింది. ఈసారి కప్పులు కనపడేలా కూర్చోలేదు, అసలు కూర్చోనే లేదు.

"ఏమే, ఆడి గెలవలేక కళ్ళజోళ్ళ మీద పడ్డారా?"

"నా కాఫీ కూడా పోయిందక్కా, నీ ఒక్కదానిదే కాదు!"

"మరిదిగారికి ఫోనివ్వు."

"ఆయన రాసుకుంటున్నారు."

"ఇంకా రాస్తున్నారా!" అని అక్క గుండె పట్టుకుంది.

అక్క ఊరుకునే రకం కాదు. జరిగిందంతా ఆటగాళ్ళందరి చర్చావేదికలో పెట్టింది. అంతే, ఎవరికి వారు ఎదుటి జట్టులో బాహ్య సాధనాలు వెతకడం మొదలుపెట్టారు. ఒకడు ఫ్యాను కింద కూర్చుని ఆడతాడట, ఆగిపోయాడు. ఒకావిడ వీపు వెనక దిండు పెట్టుకుంటుందట, ఆగిపోయింది. చివరికి ఆటకు వ్యాఖ్యానం చెప్పే పెద్దమనిషి ఖాతా కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నందుకు ఆగిపోయింది. మూడింటికల్లా ఆటలో మోసగాళ్ళు తప్ప ఆటగాళ్ళు మిగల్లేదు. ప్రణాళిక ప్రకారం అది ఎవరూ పోట్లాడకూడని గంట.

మూడున్నరకు ఎర్రకలం గారి ఫోను మోగింది. కంపెనీ నుంచి ఒక అమ్మాయి, గొంతు వింటే పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు.

"సార్, కళ్ళద్దాల గురించి మొదట రాసింది మీరేనా?"

"నేనేనమ్మా. అడిగినదానికి జవాబు రాలేదు."

"సార్, పొద్దుట్నుంచి పదకొండువేల ఖాతాలు ఆగిపోయాయి. అయిదింటికి ఫైనల్. ఆ తొమ్మిదో నియమం ఏంటో నేను ఇప్పుడే చదివాను. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు."

"రాసినాయన్ని అడగలేకపోయారా?"

"ఎవరూ రాయలేదు సార్. పాత ఆటది తెచ్చి అతికించాం." ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "ఎలా ఉంటే బాగుండేది సార్?"

ఇరవై ఆరేళ్ళలో ఎర్రకలం గారిని ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆయన వెన్ను నిటారుగా అయింది. కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"రాసుకోమ్మా. ఆటగాడు తానే ఆడేందుకు తోడ్పడేది సాయం. ఆటగాడికి బదులుగా ఆడేది మోసం. కళ్ళద్దాలు, చెవి మిషన్లు, కాఫీ, దిండు మొదటి రకం. తర్వాత, తప్పేమిటో చెప్పకుండా ఎవరి ఖాతానూ ఆపకూడదు. అడగడం ఒప్పుకోవడం కాదు. సందేహానికి వేరే గడి పెట్టండి. నాలుగోది, జట్టులో ఒకరు తగ్గినా మిగతా ముగ్గురూ ఆడొచ్చు."

ఒక్కొక్కటే సాగుతోంది. గుమ్మంలో కెప్టెన్, తమ్ముడు, పెద్దావిడ చెవులు రిక్కించి నిలబడ్డారు. మాట మాటకీ తమ్ముడు తల ఊపాడు. ఎంత తిట్టుకున్నా, మనిషి చెప్పేది ముత్యాల్లా ఉందని కెప్టెన్‌కే అనిపించింది. పదిహేడు నియమాలు అయ్యాయి. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టెయ్యబోయింది.

"ఆగమ్మా, ఇంకొకటుంది. నియమావళి రాసినవారు గానీ, దిద్దినవారు గానీ ఆ నియమాల కింద జరిగే పోటీలో ఆడరాదు. లేకపోతే పక్షపాతం అంటారు."

"అది అవసరమా సార్?"

"న్యాయమన్నాక చిన్నా పెద్దా లేదు. పద్దెనిమిదోదిగా వెయ్యి."

గుమ్మంలో ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తమ్ముడు నోరు తెరవబోయాడు. కెప్టెన్ వాడి కాలు తొక్కింది.

నాలుగూ నలభైకి ఖాతాలన్నీ తిరిగి వచ్చాయి. కొత్త నియమావళి తెర మీదికి వచ్చింది. యథాప్రకారం ముగ్గురు నొక్కేశారు. ఎర్రకలం గారు తన వాక్యాలను తానే అచ్చులో చూసుకుంటూ, మురిసిపోతూ, ఆఖరి దాకా చదివి నొక్కారు.

"మీరు ఈ పోటీకి అర్హులు కారు. చూడండి: నియమం 18."

ఆయన రెండుసార్లు చదివారు. ప్రూఫులు దిద్దేవాళ్ళకున్న రోగమే అది. వాక్యంలో ప్రతి అక్షరమూ కనపడుతుంది, ఆ వాక్యం ఎవరి గురించో మాత్రం కనపడదు.

"ఇప్పుడెలా?" అన్నారు పాలిపోయిన మొహంతో. "నా వల్ల జట్టుకు మనిషి తక్కువైపోయాడే!"

"నాలుగో నియమం ప్రకారం ముగ్గురున్నా ఆడొచ్చు, మీరే చెప్పారుగా," అంది కెప్టెన్. ఆవిడ మొహం ఎటో తిప్పుకుని ఉంది. "ఏం చేస్తామండీ, రూలు రూలే."

అయిదింటికి ఆట మొదలైంది. ఎర్రకలం గారు కాఫీ గ్లాసులు పట్టుకుని వెనక నిలబడ్డారు. పెద్దావిడ వేళ్ళు టైపుమిషను మీద నాట్యమాడినట్టు ఆడాయి. కోట తలుపు దగ్గర పెట్టె వచ్చింది. టక్, టక్, టక్. తలుపు తెరుచుకుంది. వెనకనుంచి ఆయన, "అరే, అందులో ఏం రాసుందో..." అంటూ వంగి చూసేలోగా అక్క కోట నేలమట్టమైంది. ఏడు నిమిషాల్లో ఆట ముగిసింది.

తమ్ముడు కుర్చీ ఎక్కి గంతులేశాడు. పెద్దావిడ చెవి మిషను తీసి మరీ అరిచింది. కెప్టెన్ మాత్రం ముందు అక్కకు వీడియో కాల్ చేసి, అక్కడ జవాబు రాకపోయినా, "ఏమే అక్కా, కులాసానా?" అని రికార్డు చేసి పంపించింది. అప్పుడు కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

"నేను లేకుండానే గెలిచారన్నమాట," అన్నారు ఎర్రకలం గారు చిన్నబోయి.

ఆవిడ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "అంత మాటనకండి. మీరు అలా రాయకపోతే మాకీ గెలుపెక్కడిది?"

ఆయన సంతోషించారు. ఆ వాక్యంలో దిద్దవలసిందేమీ కనపడలేదు ఆయనకు.

మరుసటి ఏడాది నియమావళి మారిందని ఫోన్లు కూసినప్పుడు, ఆ ఇంట్లో మొట్టమొదటిసారిగా కెప్టెన్ దాన్ని ఆసాంతం చదివి, పద్దెనిమిదో నియమం చెక్కు చెదరలేదని రూఢి చేసుకున్నాకే "అంగీకరిస్తున్నాను" నొక్కింది.