కొంగు మీది వాన

ఆ ఉదయం రాజశేఖర్ పెట్టుకున్న పని ఒక్కటే. ధర్మవరంలో రైలెక్కి, హిందూపురంలో నీలావతమ్మకు ఆమె కూతురి ముహూర్తం చీర అప్పజెప్పి, భోజనం వేళకు ఇల్లు చేరడం.

చీర మామూలుది కాదు. కొంగు నిండా జరీ చినుకులు. ఏ చినుకు ఎక్కడ పడిందో దానికొక వరస లేదు. పెనుకొండ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కూతురు సౌమ్య ఆ వానను లాప్‌టాప్‌లో కురిపించి బొమ్మ తీసిచ్చింది. ఇలాంటి కొంగు లోకంలో ఇంకొకటి ఉండదని రాజశేఖర్ మాటిస్తేనే నీలావతమ్మ బెంగళూరు అంగళ్లు వదిలేసి అతని దగ్గరికి వచ్చింది.

స్వతహాగా అతను అనుమానం మనిషి. పాలు పోయించుకునేటప్పుడు గిన్నెలోకి కాదు, పాలవాడి మొహంలోకి చూస్తాడు. అలాంటివాడు హిందూపురం బజారులో ఒక చీరల అంగడి అద్దం ముందు కొయ్యబారిపోయాడు. లోపల చీర రంగు వేరు, కానీ కొంగు మీద వాన అదే. ఎడమ మూల గుంపుగా మూడు చినుకులు, కింద జానెడు ఖాళీ, తర్వాత ఒంటరిగా ఒకటి. సంచిలోంచి చీర కొస లాగి పోల్చుకున్నాడు. ఒక్క చినుకూ తేడా లేదు.

నీలావతమ్మ ఇంటికి పోకుండా స్టేషన్‌కు తిరిగాడు. బొమ్మ చూసినవాళ్లు ముగ్గురే: సౌమ్య, భార్య నాగమణి, చీర నేసిన దేవదాసు. నడుస్తూనే దేవదాసుకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, హిందూపురంలో నీకెవరన్నా ఉండారా?"

"మా చెల్లెలుండాది కదన్నా."

"ఆయమ్మ మొగుడు ఏం చేస్తాడు?"

"చీరల అంగట్లో గుమాస్తా."

"అట్ల చెప్పు. కొంగు బొమ్మ బాగానే చేరేసినావు."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. "పదహారేండ్లు నీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని కూచున్న్యా. ఇంక నువ్వే దిగి నేసుకో అన్నా" అని దేవదాసు ఫోన్ పెట్టేశాడు.

రైలెక్కాక సౌమ్యకు చేశాడు. "ఆ వాన యాడనుంచి తెచ్చినావు మ్మా?"

"ఒక చిన్న లైబ్రరీ ఉండాది నాయనా, దాంట్లోంచి. క్లాసులో ఉండా, మళ్లా చేస్తా."

లైబ్రరీ! పదిమందీ వచ్చిపోయే చోటు! రాజశేఖర్ పెనుకొండలో దిగి నేరుగా గ్రంథాలయానికి పోయాడు.

"మా పాప ఈడ వాన బొమ్మల పుస్తకం తీసుకున్యాది. తర్వాత ఎవరు తీసుకున్యారో రిజిస్టర్ చూపించప్పా."

"అట్లాంటి పుస్తకమే లేదు" అన్నాడు లైబ్రేరియన్ వెంకటేశ్వర్లు.

"అంటే దాస్తాండావు."

ఇప్పుడు వెంకటేశ్వర్లుకూ అనుమానం తగులుకుంది. పోయిన నెల పత్రికల్లో బొమ్మల పేజీలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. ఆయన మెల్లగా లేచి తలుపు గడియ వేసి, "సంచిలో ఏముండాదో తీయప్పా" అన్నాడు.

ఫోన్ అందుకుని సౌమ్య పరుగున వచ్చేసరికి ముహూర్తం చీర బల్ల మీద పరిచి ఉంది. పేపరు చదవడానికి వచ్చిన నలుగురూ దానికి కాపలా. హిందూపురం అంగట్లో చూసిందంతా రాజశేఖర్ కూతురికి చెప్పాడు.

"పుస్తకాలది కాదు నాయనా. ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటను లైబ్రరీ అంటారు. చినుకులు ఎట్లంటే అట్ల పడేది అది చేసి చూపిస్తాది" అంటూ సౌమ్య లాప్‌టాప్ తెరిచి ఒక మీట నొక్కింది. వాన కురిసింది. మళ్లీ నొక్కింది. అదే వాన. ఆమె మొహం పాలిపోయింది.

"ఎట్లంటే అట్ల పడతాదంటివే?"

"మొదట్లో ఒక నంబరియ్యాల నాయనా. అదే నంబరిస్తే అదే వాన. ఆ మూటతో వచ్చిన శాంపుల్లో నూట ఇరవై మూడుండె. మార్చేది మర్చిపోయినా. హిందూపురమోళ్లు కూడా శాంపులే ఎత్తుకున్నట్టుండారు."

అతను నమ్మాలా వద్దా అని చూస్తుండగానే నాగమణి ఫోన్.

"హిందూపురం నుంచి సురేంద్ర అంట, చీరల అంగడాయన, అరుగు మింద కూచున్యాడు. ఆయనకు డిజైన్లు చేసే పవన్ కుమార్ మన పాపతో చదివినాడంట. పాప ఫోన్లో పెట్టిన చీర చూసి ఆయనకు చెప్పినాడు. బొమ్మ మనం దొంగిలించినామని ఆయన పంచాయితీ. మన దేవదాసు చెల్లెలి మొగుడు ఆయన దగ్గరే గుమాస్తా. పెండ్లాం ధర్మవరం మనిషి అని పాపం ఆ గుమాస్తాను పొద్దున్నే పనిలోంచి తీసేసినాడంట!"

"పెండ్లాం ఊరు చూసి పనిలోంచి తీసేస్తాడా! ఏం అనుమానం మనిషి వాడు!" అని రాజశేఖర్ మండిపడ్డాడు.

సౌమ్య తండ్రి వైపు చూసింది. అతను చీర మడతపెట్టే పనిలో పడ్డాడు.

సాయంత్రం అరుగు మీద సౌమ్య సురేంద్రకు కూడా వాన చూపించింది. ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి గుమాస్తాను మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. మగ్గం గది తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చిన దేవదాసు మాత్రం మెత్తబడలేదు.

"తప్పయిపోయింది దేవదాసూ" అన్నాడు రాజశేఖర్.

"ఇంకోసారి చెప్పన్నా. సురేంద్రన్నకు ఇనపడల్యా."

రాజశేఖర్ ఇంకోసారి, గట్టిగానే చెప్పాడు. దేవదాసు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పెళ్లికి పద్దెనిమిది రోజులుంటే పదిహేనో రోజుకు కొత్త వాన నేసిచ్చాడు. నీలావతమ్మ కొంగు భుజాన వేసుకుని అద్దం ముందు నుంచి కదల్లేదు.

ఆ కొత్త వానకు సౌమ్య ఇచ్చిన నంబరు తండ్రి పుట్టినతేదీ. అప్పటినుంచి ఎవరైనా పుట్టినరోజు ఎప్పుడని అడిగితే రాజశేఖర్ ముందు, "మీది హిందూపురమా?" అని అడుగుతున్నాడు.