స్వగృహ ప్రాప్తి

నిద్ర ప్రతి పౌరుడి జన్మహక్కు. కాకపోతే ఆ హక్కును వాడుకోవాలంటే పూర్తి స్పృహలో ఉండాలని చెన్నై మహానగర నిద్రా సంక్షేమ విభాగం తీర్మానించింది. (భోజనాల తర్వాత, సభ్యులు కునికిపాట్లు పడుతుండగా, ఏకగ్రీవంగా.)

ఈ తీర్మానం వల్ల బాగుపడవలసిన మనిషి వల్లి. జార్జి టౌన్‌లో మూటలు మోస్తుంది. మండీ ముందు రోడ్డు పక్కనున్న ప్లాట్‌ఫారమే పెళ్లయిన నాటి నుంచీ ఆమె కాపురం. ఒకనాటి తెల్లవారుజామున రివర్సులో వెనక్కి వస్తున్న లారీ ఒకటి ఆ ప్లాట్‌ఫారం ఎక్కింది. పక్కన పడుకున్న కూతురు కోకిల మళ్లీ లేవలేదు. వెనక్కి వచ్చేటప్పుడు లారీ పాడే హారన్ పాట మాత్రం చాలాసేపు ఆగలేదు. ఇప్పటికీ ఆ పాట వినబడితే వల్లి నిద్రలోంచి కేకలు పెడుతుంది. క్వార్టర్ తాగితే వినబడదు, అందుకని తాగుతుంది. (ఆమెను ఇంతవరకూ ఏ రుజువూ అడగని సర్కారు కౌంటరు బ్రాందీ షాపు ఒక్కటే.)

విభాగం వారి షెల్టర్‌లో గోడలున్నాయి, లారీ ఎక్కలేని మంచముంది. ఆ మంచం కోసం వల్లి ప్రాణం కొట్టుకునేది. గేటు దగ్గర గొట్టంలో ఊదమన్నారు. ఊదింది. గొట్టం కీచుమంది. సూపర్‌వైజర్ ఆనందన్ మర్యాదస్తుడు, "మందు మానేసినాక రామ్మా" అని పంపేశాడు.

పాపం, మానేసింది. చేతులు వణికినా, ఒళ్లంతా చెమటలు పట్టినా, పళ్లు బిగబట్టుకుని మానేసింది. ఈసారి గొట్టం నోరెత్తలేదు. మంచం దొరికింది. అయితే షెల్టర్ వెనకాలే లారీల షెడ్డు. (స్థలం చవగ్గా సంపాదించినందుకు విభాగానికి శాలువా కప్పారు.) లారీ వెనక్కి వచ్చింది, పాట పాడింది, వల్లి పెట్టిన కేకకి హాలంతా లేచి కూర్చుంది. ఇతరులకు నిద్రాభంగం కలిగించిన వారికి నిద్రార్హత రద్దు. అదీ తీర్మానంలోదే.

"తాగితే అరవను సార్. తాగితే మీరు రానీరు. నేనేం చెయ్యాల?" అనడిగింది వల్లి పొద్దున్నే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమెకు ముందు గొట్టం, వెనక లారీ. ఆనందన్ ట్రైనింగులో ఈ ప్రశ్న రాలేదు. విషాదానంతర వ్యాధుల కౌన్సెలర్ ప్రీతి దగ్గరికి పంపాడు.

ప్రీతి మంచి పిల్ల. కథంతా విని కళ్లు తుడుచుకుంది. "ఇది విషాదం అయిపోయినాక వచ్చే జబ్బు అక్కా. మరి, అయిపోయిందా?"

"యాడ అయిపోయింది పాపా? రేత్రి గూడా వచ్చింది గదా లారీ!"

ప్రీతి పెన్నుకి మూత పెట్టింది. నడుస్తున్న విషాదం 'అనంతరం' కిందికి రాదు. పూర్తయ్యాక తప్పకుండా రమ్మని నెమ్మదిగా చెప్పింది.

వల్లి హాల్లోకి తిరిగొచ్చి, దుప్పటి మడిచిపెట్టి, మంచం పట్టెను ఒక్కసారి తడిమి లేచింది. గేటు దగ్గర ఆనందన్ ఫోన్‌లో ఏదో నొక్కుతున్నాడు.

"ఏం రాస్తా ఉండావు సార్?"

"ఇల్లు చేరినావని."

"ఏ ఇల్లు?"

"ఇప్పుడు యాడికి పోతా ఉండావు?"

"మండీ కాడికే."

"అదేమ్మా."

ఆయన తప్పేం లేదు. కారణం చెప్పకపోతే యాప్ ఆ మంచాన్ని ఖాళీగా చూపించదు. దాన్లో ఉన్న కారణాలు రెండే: 'స్వగృహం చేరినారు', 'మరణించినారు'. ఆనందన్ దయగలవాడు కాబట్టి మొదటిది నొక్కాడు. అవసరాన్ని బట్టి తర్వాత రెండోదానికి మార్చుకునే సదుపాయం కూడా యాప్‌లో ఉంది.