ఎర్ర పెన్ను మాస్టారి సైబర్ కొలువు

నలభై దాటిన వాళ్లందరూ ఉన్న ఉద్యోగం వదిలేసి తక్షణం సైబర్ సెక్యూరిటీలోకి దూకాలని నా అభిప్రాయం! నవ్వకండి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక దూకడమేమిటంటారా? మా అల్లుడు దూకాడు. నలభై మూడో ఏట. ఈ వయసులో మనిషిని ఇంతగా బాగుచేసే మందు మరొకటి లేదని అతణ్ణి చూశాకే నాకు తెలిసింది.

అంతకుముందు పద్దెనిమిదేళ్లు అతను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, పరీక్ష హాల్లో గద్ద చూపు. నేను కోతలు కోస్తానని ఇంట్లో ఒక అపవాదు ఉంది గానీ, ఇది మాత్రం అక్షరాలా నిజం: ఎవరైనా దగ్గితే ఎన్నో ప్రశ్నకు దగ్గారో చెప్పేసేవాడు! సాక్సులో దాచిన స్లిప్పును వరండాలోంచే వాసన పట్టేవాడు.

అలాగే ఒకసారి వాసన పట్టి లాగితే, స్లిప్పుతో పాటు స్కూలు యజమానిగారి పుత్రరత్నం బయటపడ్డాడు. "పొరపాటున పట్టుకున్నానని రాసిచ్చెయ్యండి మాస్టారూ" అన్నారు యజమానిగారు. ఎర్ర పెన్ను ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది.

"కంప్యూటర్‌కి కొడుకులుండరు మామయ్యా. తప్పంటే తప్పే. నా బుద్ధికి అదే సరైన చోటు" అంటూ వెళ్లి సైబర్ కోర్సులో చేరాడు.

ఆ కోర్సు నడిచినన్నాళ్లూ ఇల్లు కోట అయిపోయింది. వైఫైకి ఇరవై ఆరు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, తనే మర్చిపోయాడు. దొంగలూ రాలేదు, నెట్టూ రాలేదు! మా అమ్మాయి తలుపు కొడితే గొంతు గుర్తుపట్టి కూడా తీసేవాడు కాదు. "రహస్య ప్రశ్న! మన పెళ్లిలో అలిగిందెవరు?" అని లోపల్నుంచి అడిగేవాడు.

"మా నాన్న! వీధి వీధంతా వింటోంది, ఇక తియ్యండి మహాప్రభో!"

ఆ రహస్యం ఇప్పుడు ఇస్త్రీ చేసేవాడికి కూడా తెలుసు. నన్ను చూస్తే నవ్వుతాడు.

మొత్తానికి ఒక కంపెనీలో సెక్యూరిటీ అధికారిగా చేరాడు. ఆర్నెల్లు చూస్తారు, నచ్చితే పర్మినెంట్. నచ్చకపోతే? నలభై మూడేళ్ల వాణ్ణి మళ్లీ పిలిచేదెవరు?

ఆరో నెలలో సిబ్బందికి పరీక్ష పెట్టమన్నారు. ఉత్తుత్తి మోసపు మెయిల్ ఒకటి అందరికీ పంపి, ఎవరు బుట్టలో పడతారో చూడాలి. పడినవాళ్లు కంప్యూటర్ ముందు గంటసేపు జాగ్రత్తల పాఠం వినాలి. పరీక్ష అనేసరికి మా అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. 'మీ ప్రతిభకు అవార్డు! పాస్‌వర్డ్ కొట్టి స్వీకరించండి' అని వదిలాడు.

నూట నలభై మంది సిబ్బందిలో ఒక్కరూ నొక్కలేదు! "ఈ ఆఫీసులో మనకు అవార్డా? పచ్చి మోసం!" అని టీ మిషన్ దగ్గరే తేల్చేశారట. కడుపుమంటను మించిన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు పాఠకులారా!

నొక్కింది ఎండీగారు. పాస్‌వర్డ్ కొట్టడమే కాదు, అడక్కపోయినా మూడు భంగిమల్లో ఫొటోలు కూడా పంపారు.

అల్లుడు ఆ పేరును రిపోర్టులోకి ఎక్కించాడు. పిలుపొచ్చింది. చీవాట్లకు సిద్ధపడే వెళ్లాడు గానీ, ఎండీగారు వెన్ను తట్టారు.

"భేష్! రూలంటే రూలే. నేనూ పాఠం వినాల్సిందే. కాకపోతే నాకు టైమెక్కడిదయ్యా? ఇదిగో నా పాస్‌వర్డ్, రాసుకో. నా పేరుతో నువ్వే కూర్చుని వినెయ్. అన్నట్టు, నీ పర్మినెంట్ కాయితం నా టేబుల్ మీదే ఉంది."

అల్లుడు కూర్చున్నాడు. మొదటి పాఠం: 'మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.' రెండో పాఠం: 'ఇంకొకరి పాస్‌వర్డ్ వాడకండి.' చివర్లో పెట్టిన పరీక్షలో ఎండీగారికి నూటికి నూరు! రాకేం చేస్తాయి? ఆ పాఠాలు తయారుచేసింది మా అల్లుడే.

అయితే కంప్యూటర్‌కి నిజంగానే కొడుకులుండరు. ఆ మరుక్షణమే అల్లుడి తెర మీద ఎర్రగా హెచ్చరిక: 'ఎండీగారి ఖాతా ఇతరుల చేతిలో ఉంది.' కింద రెండు బటన్లు, 'నిజం', 'పొరపాటు'. తేల్చి నొక్కాల్సింది సెక్యూరిటీ అధికారి. అంటే తనే! ఇన్నేళ్లకు పరీక్ష హాల్లో మాస్టారు తన చేతిలోనే స్లిప్పు పట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలు అలా చూస్తూ కూర్చున్నాడట. టీ చల్లారి మీగడ కట్టింది.

'పొరపాటు' నొక్కాడు.

మర్నాడు పర్మినెంట్ కాయితం చేతికొచ్చింది. ఎండీగారి సర్టిఫికెట్ ఫ్రేములో గోడకెక్కింది. ఆదివారం మా ఇంటికొస్తే చూశాను, చొక్కా జేబు ఖాళీ.

"ఎర్ర పెన్నేదయ్యా అల్లుడూ?"

"ఇప్పుడు దాంతో పనేముంది మామయ్యా" అన్నాడు, నా మొహంకేసి చూడకుండా.

చూశారా! పద్దెనిమిదేళ్ల మొండితనం ఆర్నెల్లలో నయమైపోయింది! అందుకే చెబుతున్నాను, వెంటనే కెరీర్ మార్చుకోండి. స్కూలు యజమానులూ ఎండీలూ ఎలాగూ మారరు. ఎవరో ఒకరు మారాలి కదా!