బస్సుకు వేసిన ఓటు

ఓటరుకు ఏం కావాలో ఓటరును తప్ప అందరినీ అడిగి తెలుసుకోవాలన్నది న్యూజెర్సీ టీవీ విశ్లేషకుల మూలసూత్రం. (ఓటరును అడిగితే లెక్క పాడవుతుందట.)

ఆ జూన్‌లో, అసెంబ్లీకి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ జరిగింది. లిగాయా విల్లాఫ్లోర్‌కు కావలసింది ఒక్కటే, డయాలసిస్ సెంటరుకు వెళ్లే పద్దెనిమిదో నంబరు బస్సు. దాన్ని ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఆమె భర్త రుస్తికోకు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. క్రౌథర్ అనే అభ్యర్థి బస్సు మళ్లీ వేయిస్తానన్నాడు. అంతే, లిగాయా కాళ్లరిగేలా తిరిగి వీధిలోని ఫిలిప్పీన్స్ వాళ్లందరి చేతా అతనికే ఓటు వేయించింది. రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు.

మర్నాడు పొద్దున టీవీలో, ఓటర్ల వర్గీకరణలో దిట్ట అయిన ప్రెస్టన్ హాల్డేన్ తెర మీది మ్యాపులో ఆ వీధికి నారింజ రంగు పులిమాడు.

“విల్లాఫ్లోర్, బౌతిస్తా, ఎవాంజెలిస్తా... ఇంటిపేర్లు చూడండి. ఇది లాటినోల, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ల, తిరుగుబాటు. మెక్సికో సరిహద్దులో కడుతున్న గోడ మీద కోపం.”

“ఏమే, మనమెప్పుడు లాటినోలమయ్యాం?” అన్నాడు రుస్తికో.

“ఇప్పుడే. టీవీలో చెప్తుంటే వినపడట్లా?”

(నూట డెబ్బై ఏళ్ల కిందట ఫిలిప్పీన్స్‌ను ఏలిన ఒక స్పెయిన్ గవర్నరు, పన్నుల వసూలుకు వీలుగా ఉంటుందని, జాబితా చూసి వీళ్ల తాతముత్తాతలకు స్పానిష్ ఇంటిపేర్లు పంచిపెట్టాడు. జాబితాల మీద పెద్దమనుషులకున్న భక్తి నేటికీ చెక్కుచెదరలేదు.)

లిగాయాకు ఒళ్లు మండి ఛానెల్‌కు ఫోన్ చేసింది. “అమ్మాయ్, మేం ఫిలిప్పీన్స్ వాళ్లం. మేం ఓటేసింది బస్సు కోసం.”

“ఒక్క నిమిషం మేడమ్, స్పానిష్ వచ్చినవాళ్లకి కలుపుతా.”

“నేను ఇంగ్లీషులోనే కదా మాట్లాడుతున్నా.”

“అవును మేడమ్, చాలా చక్కగా మాట్లాడుతున్నారు.”

సాయంత్రం చర్చలో హాల్డేన్ కొత్త విషయం బయటపెట్టాడు. ఆ వర్గంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తామెవరో తమకే తెలియని అయోమయం ప్రబలుతోందట.

వారం తిరక్కుండా క్రౌథర్ ఆ వీధికి వచ్చి, స్పానిష్‌లో కృతజ్ఞతలు చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. మర్యాదకు చప్పట్లు కొట్టారు.

“బాబూ, మరి బస్సు?” అంది లిగాయా.

“అమ్మా, మీరు బస్సుకే ఓటేశారని మొదట నేనూ పొరబడ్డాను. సర్వేలో బస్సు ఊసే లేదు. గోడ సంగతి నాకొదిలేయండి, నేను చూసుకుంటా.” (ఆ గోడ అతని నియోజకవర్గానికి రెండు వేల మైళ్ల దూరంలో ఉంది.)

చలికాలం వచ్చింది. మూడుసార్లు వెళ్లవలసిన రుస్తికో, ఎవరో ఒకరు కారులో దింపితే రెండుసార్లు, మంచు పడ్డ వారాల్లో ఒక్కసారి వెళ్లాడు. జనవరి దాటలేదు.

తరవాతి ప్రైమరీ అయ్యాక హాల్డేన్ అదే వీధిని తెర మీద పెద్దది చేసి చూపించాడు. లాటినో మగవాళ్లు పార్టీకి దూరమవుతున్నారనీ, ఈ ఒక్క ఇంట్లోనే ఒక ఓటు తగ్గిందనీ, కారణం ఉత్సాహం లేకపోవడమేననీ తేల్చాడు.